మాస్టారి బోణీ

బోర్డు మీద ‘పల్నాడు ప్రైవేటు వ్యాపార అధ్యయన సంఘం’ అని పెద్దక్షరాలతో రాసి ఉంటుంది. ఆ పేరు చెప్పి దారి అడిగితే మాత్రం నరసరావుపేటలో ఒక్కరూ చూపించలేరు. కాసేపు బుర్ర గోక్కుని, “ఓహో, కొట్ల సంఘమా? అట్టా చెప్పు మరి. మందుల షాపు పైన, మెట్లు కాస్త చూసుకుని ఎక్కు” అంటారు.

అది లాభం కోసం పెట్టిన సంఘం కాదు. ఆ సంగతి ముందే చెప్పుకోవాలి. ఎందుకంటే ఊళ్లో సగం మంది దాన్ని చిట్టీల కంపెనీ అనుకుని, మెట్లెక్కి వచ్చి వడ్డీ ఎంతిస్తారని అడిగి, మొహం మాడ్చుకుని దిగిపోయినవాళ్లే. సంఘం ఎవరికీ అప్పివ్వదు, ఎవరి దగ్గరా డిపాజిట్ తీసుకోదు. ఒక మనిషి ఎవరి దయా కోరకుండా సొంతంగా ఓ కొట్టు పెట్టుకున్నాడంటే, దాన్ని ఎట్లా పెట్టాడు, ఎట్లా నిలబెట్టుకున్నాడు అని తెలుసుకోవడం, తెలుసుకున్నది నలుగురికీ చెప్పడం, ఇంతే దాని పని. ఏడాదికొక వ్యాపారాన్ని ఎంచుకుంటారు. ఒక ఏడు పిడుగురాళ్ల సున్నపు బట్టీ. ఒక ఏడు నడికుడి జంక్షన్లో రైలు ఆగిన కాసేపట్లోనే ఇడ్లీ పొట్లాలన్నీ అమ్మేసే ఓ కుటుంబం. ఏడాదంతా చూసి, అడిగి, వార్షిక సభలో దాని మీద వ్యాసం చదువుతారు. తర్వాత ఉప్మా తిని ఇళ్లకు పోతారు. ఉప్మా కోసమే వచ్చేవాళ్లు కూడా ఉన్నారు గానీ, వాళ్ల పేర్లెందుకులెండి.

సంఘానికి అధ్యక్షులు వెంకట్రామయ్య మాస్టారు. కాలేజీలో కామర్స్ చెప్పి రిటైరయ్యారు. ఈ సంఘాన్ని పుట్టించింది ఆయనే, ఇన్నేళ్లూ పెంచిందీ ఆయనే. ఈసారి సభలో పదవి దిగిపోతానని ఆయనే ప్రకటించారు. దిగేముందు ఒక్క వ్యాసం చదవాలని ఆశ. అది మామూలు ఆశ కాదు. నిద్రలో కూడా పేరాలు సవరించుకునేంత ఆశ.

వ్యాసం బేరం మీద. దానికోసం ఆయన పల్నాడు రోడ్డులో ఇమాం సాహెబ్ పరుపుల కొట్టును పట్టుకున్నారు. ఎండల్లోనూ వానల్లోనూ ఆ కొట్లో ఓ మూల స్టూలు వేసుకుని కూర్చుని, వచ్చేవాళ్లనూ పోయేవాళ్లనూ చూశారు. కొనేవాళ్లు పరుపును అరచేత్తో నొక్కడం, మూల పట్టుకుని ఎత్తి బరువు చూడడం, చెప్పిన ధరలో సగానికి అడగడం, ఇవ్వనంటే విసురుగా లేచిపోవడం, అన్నీ చూశారు. లేచిపోయినవాళ్లు నాలుగడుగులు వేయగానే ఇమాం సాహెబ్ గల్లాపెట్టె దగ్గర్నుంచి, “అమ్మా, ఇటు రా, ఒక్కమాట విని పో!” అని కేకేస్తాడు. వాళ్లు వెనక్కి వస్తారు. బేరం తెగుతుంది.

ఆ కేక ఒక్కటే మాస్టారికి నచ్చేది కాదు. కొనేవాడికి కొనకుండా పోయే హక్కుంది, ఆ హక్కు మీదే బజారంతా నిలబడి ఉంది అన్నది ఆయన సిద్ధాంతం. పోయేవాణ్ణి వెనక్కి పిలవడమంటే చెయ్యి పట్టి లాగడమే. వ్యాసంలో ఆ మాటే కుండబద్దలు కొట్టినట్టు రాశారు. విడిగా ఒక పేరా పెట్టి, కింద గీత కూడా గీశారు.

సభకు ముందు ఆదివారం కార్యవర్గం కూర్చుంది. మాస్టారు వ్యాసం సంగతి చెప్పగానే, నెహెమ్యా గారు గొంతు సవరించుకున్నారు. ఆయన బ్యాంకు మేనేజరుగా చేసి రిటైరైన మనిషి. ‘గ్రామీణ డిపాజిట్ల తీరుతెన్నులు’ అని ఓ వ్యాసం రాసుకుని, ఏ ఏటికాయేడు చదువుతానంటూ సంచిలో పెట్టుకుని తిరుగుతుంటారు. అది చాలా పొడుగని తెలిసిన సభ్యులు ఆ సంచిని చూస్తేనే కుర్చీల్లో సర్దుకుంటారు.

“అధ్యక్షా, ఒక చిన్న సందేహం” అన్నారు నెహెమ్యా గారు. “ఇన్నేళ్లుగా వ్యాపారం గురించి ఇంత మాట్లాడతన్నాం. మనలో ఎవరన్నా ఎప్పుడన్నా ఏదన్నా అమ్మామా?”

అందరూ పైన తిరుగుతున్న ఫ్యాను వంక చూశారు. చివరికి కార్యదర్శి మానస, ఆడపిల్లల కాలేజీలో కామర్స్ చెప్పే అమ్మాయి, “నేను ఓసారి పాత ఫోన్ అమ్మాను సార్, ఆన్‌లైన్‌లో” అంది. అందరూ ఊపిరి పీల్చుకుని నవ్వారు.

నెహెమ్యా గారు నవ్వలేదు. తీర్మానం పెట్టారు. ఈ ఏటి నుంచి వ్యాసం చదివేవారు తాము చూసిన కొట్లో కూర్చుని కనీసం ఒక్క సరుకు అమ్మి చూపాలి. కొన్నవారికి ఆ సరుకు అవసరమై ఉండాలి. బేరమాడి కొనాలి. మాస్టారి మీద గౌరవం కొద్దీ కొన్నది చెల్లదు. అమ్మలేకపోతే వచ్చే ఆదివారం సభలో డిపాజిట్ల వ్యాసం చదువుతారు.

అధ్యక్షులు కాబట్టి మాస్టారు దాన్ని తోసిపుచ్చవచ్చు. కానీ ఆయన అట్లాంటి మనిషి కాదు. న్యాయంగా ఉన్న తీర్మానం తన గొంతు కోసేదైనా సరే, దానికి చెయ్యెత్తే రకం. అందరికన్నా ముందు ఆయనే చెయ్యెత్తారు. డిపాజిట్ల వ్యాసం వినాల్సి వస్తుందేమోనని బెంగపడ్డ ఒకరిద్దరు మాత్రం చేతులు ఒళ్లోనే పెట్టుకున్నారు.

ఇంటికొచ్చి చెబితే భార్య సుబ్బరత్నమ్మ నవ్వు ఆపుకోలేక వంటింటి గడప పట్టుకుంది.

“మీరా? అమ్ముతారా?” అంది కళ్లు తుడుచుకుంటూ. “మొన్న పాత పేపర్లు కొనేవాడు వస్తే ఏం చేశారు? కాటా తక్కువ తూగిందని వాడు దిగులు పడితే, ఇంకో కట్ట ఊరకే ఇచ్చి, కాఫీ కూడా పోయించి పంపారు. అమ్ముతారంట!”

“అది దయ కాదే. వాడి కాటా నిజాయితీగా ఉందని మెచ్చుకోలు.”

“ఆఁ, మెచ్చుకోలు. నా కాఫీ పొడి అయిపోయింది” అని ఆమె పప్పు చూసుకోవడానికి లోపలికి పోయింది. నవ్వు మాత్రం చాలాసేపు వినబడుతూనే ఉంది.

ఇమాం సాహెబ్‌కు ఈ సంగతి పండగలా ఉంది. శనివారం గురజాలలో బావమరిది ఇంట పెళ్లి. కొట్టు మూయకుండా పోవచ్చు గదా అని ఆయన ఆనందం. పొద్దున్నే మాస్టారిని గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టి, ఏది బూరుగు దూదో, ఏది పత్తి దూదో, ఏది ఫోమో చూపించాడు. ఏ సరుకు ఏ ధర కిందికి దిగకూడదో చెప్పాడు.

“ఆ పైన ఎంతకు తెగినా మీ నోటి చలవే మాస్టారూ. ఇంకొక్కటి. లేచిపోయినోళ్లను పిలవండి. మర్చిపోబాకండి.”

“అది నా సిద్ధాంతానికి విరుద్ధం ఇమాం.”

“సిద్ధాంతాన్ని ఇయ్యాల్టికి పక్కన పడుకోబెట్టండి సార్. పరుపులకేం కొదవ లేదు” అని నవ్వి, అత్తరు గుబాళించుకుంటూ ఆటో ఎక్కాడు.

సంఘం తరఫున సాక్షిగా మానస వచ్చి దిండ్ల కట్ట మీద కూర్చుంది. మొదట వచ్చింది ఆనంద్ బాబు. మాస్టారి దగ్గర చదువుకుని, ఇప్పుడు అదే రోడ్డులో సెల్‌ఫోన్ల షాపు నడుపుతున్నాడు. గల్లా దగ్గర మాస్టారిని చూసి ఆగిపోయాడు.

“సార్, మీరేంది ఇక్కడ?”

“అమ్ముతున్నాను నాయనా. దిండు కావాలా?”

“కావాలి సార్. ఎంత?”

మాస్టారు ధర చెప్పారు. ఆనంద్ బాబు జేబులో చెయ్యి పెట్టాడు. మాస్టారు కంగారుపడ్డారు. “అట్లా కాదురా. ఎక్కువ చెప్పాను. తగ్గించమని అడుగు.”

“మీ దగ్గర బేరమా సార్? కళ్లు పోవా?”

“ఏమీ పోవు. ఆడరా బాబూ, నీకు దణ్ణం పెడతా!”

ఎంత బతిమాలినా ఆడలేదు. చెప్పిన ధర ఇచ్చి, దిండు చంకలో పెట్టుకుని, వంగి కాళ్లకు దణ్ణం పెట్టి మరీ వెళ్లాడు. మానస తల అడ్డంగా ఊపింది. “చెల్లదు సార్.” మాస్టారికీ తెలుసు. తెలిసి ఏం లాభం.

తర్వాత గురజాల వైపు నుంచి ఓ మొగుడూ పెళ్లాం వచ్చారు. మిరపకాయలు అమ్మి, కొత్తగా డబుల్ కాట్ మంచం చేయించుకున్నవాళ్లు. మొగుడు పరుపు మీద కూర్చుని ఎగిరి చూశాడు. పెళ్లాం నాలుగు మూలలా నొక్కి, సగానికి అడిగింది. మాస్టారి మొహం వెలిగిపోయింది. దూది ధర ఎందుకు పెరిగిందో, కుట్టుకూలి ఎంతో, లారీ కిరాయి ఎట్లా పడుతుందో మొదలుపెట్టి, సరఫరా, గిరాకీల దాకా వెళ్లారు. మొగుడికి ఆవులింత వచ్చింది.

“మాకు పాఠం వద్దయ్యా, పరుపు కావాల. ఇస్తావా ఇయ్యవా?”

“ఆ ధరకు రాదమ్మా.”

“సరేలే. పదయ్యా” అని ఆమె లేచింది. ఇద్దరూ రోడ్డు మీదికి నడిచారు. చెరుకు రసం బండి దాకా వెళ్లి ఆగారు. రసం మాత్రం తాగలేదు. ఆమె సంచి కింద పెట్టి, మళ్లీ ఎత్తి, కొంగు సవరించుకుని, ఓరగా ఇటు చూసింది.

“చూశావా అమ్మా!” అన్నారు మాస్టారు ముచ్చటగా. “నచ్చలేదు, వెళ్లిపోయారు. ఎవరి బలవంతమూ లేదు. ఎంత అందంగా ఉందో చూడు.”

“సార్, వాళ్లు ఆగారు” అంది మానస.

“దాహమేసి ఉంటుంది.”

కాసేపటికి మొగుడు చెయ్యి ఊపి ఆటో ఆపాడు. ఎక్కుతూ ఆమె కొట్టు వైపు చూసిన చూపులో కోపం ఉందో, చిన్నతనం ఉందో గానీ, సంతోషం మాత్రం లేదు.

ఆ తర్వాత కూడా అంతే. ఒకాయన చాప కోసం వచ్చాడు, ఓ పిల్లతల్లి బొంత కోసం వచ్చింది. వచ్చినవాళ్లంతా బేరమాడారు, లేచారు, ఆ చెరుకు రసం బండి దాకా నడిచారు, అక్కడ ఏదో ఒక వంకతో కాళ్లు ఈడ్చారు, మాయమయ్యారు. మాస్టారు ఒక్కరినీ పిలవలేదు. మానసకు పిలవాలని నాలుక దురద పెడుతోంది గానీ, సాక్షి నోరు విప్పకూడదు కదా. ఆమె చున్నీ అంచు నోట్లో కుక్కుకుని కూర్చుంది.

దుప్పటి కోసం వచ్చిన ఓ పెద్దావిడ మాత్రం ఊరుకోలేదు. ఆమె కూడా లేచి వెళ్లింది, బండి దాటి కూడా వెళ్లింది. కాసేపటికి ధుమధుమలాడుతూ తిరిగొచ్చి గుమ్మంలో నిలబడింది.

“ఏందయ్యా, అంత దూరం పోయినా. పిలవ్వేంది?”

“మీరు వద్దనుకున్నారు కదమ్మా. అది మీ స్వేచ్ఛ.”

“నా సేచ్ఛ సంగతి నీకెందుకయ్యా, దుప్పటి సంగతి చెప్పు. పిలిస్తే నీ సొమ్మేం పోయె? నేనేమన్నా అడుక్కుతినేదాన్నా, పోతే పోనీలే అనుకోడానికి? ఇమాం సాయిబైతే నేను గుమ్మం దిగకముందే పిలుస్తాడు.”

మాస్టారు గబగబా దుప్పటి తీశారు. ఆమె దానివంక కూడా చూడలేదు. “ఇప్పుడు తీస్తే ఎవరిక్కావాల? మర్యాద తెలియని కొట్లో నేను కొనను” అని, నిజంగానే పక్క బజారుకు వెళ్లిపోయింది.

మాస్టారు దుప్పటి మడత పెట్టారు. అది సరిగా మడత పడలేదు. మధ్యాహ్నం మానస తెచ్చిన పులిహోర తింటుంటే రుచి తెలియలేదు. ఆయనకు బాధేసింది. అమ్మలేకపోయినందుకు కొంత. అంతకన్నా ఎక్కువ, ఆ పెద్దావిడను అవమానించానా అని. గౌరవమే ఇచ్చానని ఆయన అనుకున్నారు. ఆమెకు అది గౌరవంలా అనిపించినట్టు లేదు. అయినా గీత గీసిన పేరా కళ్ల ముందు మెదిలింది. ఒకరికి కోపమొచ్చిందని సిద్ధాంతం మార్చుకుంటే ఇక చదువెందుకు అని మనసు బిగబట్టుకున్నారు.

ఎండ వాలుతుండగా నెహెమ్యా గారు స్కూటరు మీద అటుగా వచ్చి, దిగకుండానే, “బోణీ అయిందా అధ్యక్షా?” అని అడిగారు. కాలేదన్నారు మాస్టారు. “అయ్యో” అన్నారు నెహెమ్యా గారు. స్కూటరు ముందు కొక్కానికి సంచి వేలాడుతోంది. అందులో ఏముందో మాస్టారు అడగక్కర్లేదు.

ఆయన అటు వెళ్లారో లేదో, కొట్టు ముందు ఆటో ఆగింది. అందులోంచి నడుం మీద చెయ్యి వేసుకుని నెమ్మదిగా సుబ్బరత్నమ్మ దిగింది. పెళ్లిళ్లకు కట్టే చీర కట్టింది. చేతిలో తోలు సంచి. మాస్టారి వంక కొత్తమనిషిని చూసినట్టు చూసింది.

“ఏమయ్యా, పరుపులున్నయ్యా?”

మాస్టారు నోరు వెళ్లబెట్టారు. పెళ్లయిన నాటి నుంచి ఆమె ఆయన్ను ఏమయ్యా అన్నది లేదు. “సుబ్బరత్నం, నువ్వెందుకొచ్చావిక్కడికి? ఇంటి మనిషి కొంటే చెల్లదు.”

ఆమె మానస వైపు తిరిగింది. “ఏమ్మా, అట్టా రాసుకున్నారా?”

మానస ఫోనులో తీర్మానం తీసి చదివింది. “ఇంటివాళ్లు కొనకూడదని లేదమ్మా. అవసరం ఉండాలి. బేరమాడాలి. గౌరవం కొద్దీ కొనకూడదు.”

“అవసరమా? నా నడుమును అడుగు. ఆర్నెల్ల నుంచీ పరుపు మార్చమంటన్నా. ఈయనేమో పరుపుల ధరల మీద పరిశోధన జరగతా ఉంది, మధ్యలో మనం కొంటే లెక్క చెడిపోద్ది అంటాడు. బేరమంటావా, ధరణికోట పొలం కౌలు డబ్బులు తెచ్చుకున్నా. నా సొమ్ము నేను ఊరకే పారేసుకుంటానా? ఇక గౌరవమంటావా...” అని మాస్టారి వంక చూసి, “ఆ భయమేం పెట్టుకోబాక” అంది.

మానస దిండులో మొహం దాచుకుంది.

సుబ్బరత్నమ్మ బూరుగు దూది పరుపు ఎంచుకుంది. అరచేత్తో నొక్కింది. కుట్టు పట్టుకుని లాగింది. “దూది ఉండలు కట్టింది” అంది. “కట్టలేదు” అన్నారు మాస్టారు. “నా వేలికి తగలతంటే కట్టలేదంటావేంది?” ధర అడిగింది. చెప్పారు. “ఎవరికి చెబుతన్నావ్ ఈ ధర? నేను సత్తెనపల్లిలో అడిగొచ్చా” అంది. సత్తెనపల్లి వెళ్లి ఆమెకు ఏడాదైంది. ఆ సంగతి మాస్టారికి తెలుసు. తెలిసినట్టు ఆమెకూ తెలుసు. అయినా ఆయన నోటివెంట పాఠం రాలేదు. “సత్తెనపల్లి దూది వేరమ్మా, ఇది చేత్తో ఏరింది” అన్నారు. ఆ అబద్ధం ఎక్కడి నుంచి వచ్చిందో ఆయనకే తెలియదు. ఒళ్లు ఝల్లుమంది. ఇంతకాలం స్టూలు మీద కూర్చుని చూసిన ఆట ఇంత రుచిగా ఉంటుందని ఆయన ఏ పేరాలోనూ రాయలేదు.

ఆమె కొంచెం ఎక్కింది. ఆయన కొంచెం దిగారు. ఆమె కవరు ఊరకే వెయ్యమంది. ఆయన కవరు కుదరదు, దిండు గలీబు ఇస్తానన్నారు. గలీబు నాకెందుకు, నెత్తిన వేసుకోనా అంది. దగ్గర దగ్గరగా వచ్చి, మధ్యలో ఓ జానెడు మిగిలింది. అక్కడ ఇద్దరూ బిగుసుకున్నారు.

“ఇదే నా ఆఖరు మాట” అంది సుబ్బరత్నమ్మ.

“నాదీ అంతే” అన్నారు మాస్టారు.

“అయితే నీ పరుపు మీద నువ్వే పడుకో” అని ఆమె సంచి అందుకుని లేచింది. వెనక్కి చూడకుండా గుమ్మం దిగింది.

మాస్టారు గల్లా వెనకాల నిలబడి చూశారు. పోయే హక్కు ఆమెది. ఆ హక్కు మీదే బజారంతా నిలబడి ఉంది. ఆమె నడుం పట్టుకుని మెల్లగా నడుస్తూ చెరుకు రసం బండి దాకా వెళ్లింది. ఆగింది. రసం తాగలేదు. సంచి కింద పెట్టింది. అందులో ఏదో వెతికింది. ఏమీ తీయలేదు. జిప్పు వేసి, మళ్లీ తీసి, మళ్లీ వేసింది.

ఆ సంచి సర్దడం ఆయన ఇంతకుముందు చూశారు. ఈ పొద్దుటి నుంచి చూసింది కాదు, ఎప్పటిదో. పెళ్లయిన కొత్తలో, ఆ తర్వాత కూడా, ఇద్దరికీ మాటా మాటా వచ్చినప్పుడు ఆమె ధరణికోట పుట్టింటికి బయల్దేరేది. ఆయన గుమ్మంలో నిలబడి చూసేవారు. పోయేవాళ్లను ఆపకూడదనేది అప్పటికే ఆయనకున్న సిద్ధాంతం. చెయ్యి పట్టి ఆపడం మొరటుతనమని, ఆమె ఇష్టాన్ని గౌరవిస్తున్నానని తనలో తాను మెచ్చుకునేవారు కూడా. ఆమె వీధి మలుపు దాకా వెళ్లి, అక్కడ సంచి కింద పెట్టి, ఎంతసేపో సర్దుకునేది. బరువెక్కువై ఆగిందేమో అనుకునేవారాయన. తర్వాత మలుపు తిరిగి వెళ్లిపోయేది. కొన్నాళ్లకు తనంతట తానే బస్సెక్కి వచ్చేది. ఎందుకెళ్లావని ఆయన అడగలేదు, ఎందుకొచ్చావనీ అడగలేదు. అది కూడా స్వేచ్ఛే అనుకున్నారు.

ఆ సంచిలో ఏం బరువుంటుంది? రెండు చీరలు.

 మాస్టారు గల్లాపెట్టె పట్టుకుని ముందుకు వంగారు. ఇమాం సాహెబ్ కేకలు నోటికి రాలేదు. అమ్మా అని పిలవలేరు. ఏమే అంటే అంత దూరం వినబడదు.

“సుబ్బరత్నం!” అని అరిచారు. పేరు పెట్టి, నడిరోడ్డు మీద, ఉన్న గొంతంతా పెట్టి. “సుబ్బరత్నం! పోవద్దు! ఇటు రా!”

రసం బండివాడు తిరిగి చూశాడు. సెల్‌ఫోన్ల షాపులోంచి ఆనంద్ బాబు బయటికి వచ్చాడు. సుబ్బరత్నమ్మ మాత్రం వెంటనే తిరగలేదు. సంచి ఎత్తుకుని, కొంగు భుజం చుట్టూ లాక్కుని, తీరుబడిగా తిరిగి, వచ్చిన దారినే నడిచి వచ్చింది. వచ్చి తను అడిగిన పరుపు మీదే కూర్చుంది.

“ఏంది?” అంది.

 పిలిచాక ఇమాం ఏదో అంటాడు, అదేంటో మాస్టారికి గుర్తు రాలేదు. “నువ్వు... నువ్వు అడిగిన ధరకే ఇస్తాను. కవరు కూడా వేస్తాను” అన్నారు.

“వద్దు.”

“వద్దా?”

“నువ్వు చెప్పిన ధరే ఇస్తా. పూర్తిగా.” ఆమె సంచి తెరిచి డబ్బు తీసి గల్లా మీద పెట్టింది.

“మరి ఇంతసేపూ ఎందుకు బేరమాడావు?”

“ఏమో. పిలుస్తావేమోనని.” ఆమె పరుపు మీద అరచెయ్యి ఆనించి నిమిరింది. “వీధి మలుపు కాడ నేను ఎంతెంతసేపు నిలబడేదాన్నో మీకు తెలుసా?”

“తెలీదు” అన్నారు మాస్టారు. “ఇయ్యాలే తెలిసింది.” అనేసరికి ఆయన కళ్లద్దాలు మసకబారాయి. తీసి తుడుచుకోవడానికి చొక్కా అంచు కోసం వెతుక్కున్నారు.

మానస ఫోను పక్కన పెట్టింది. అవసరం ఉంది, బేరమాడారు, గౌరవమైతే ఎక్కడా కనపడలేదు. “చెల్లింది సార్” అంది మెల్లగా. మాస్టారు విన్నారో లేదో. రేపటి సభ కోసం ఆ గీత గీసిన పేరా కొట్టేసి కొత్తది రాయాలని ఆయనకు తెలుసు. అందులో ఏం రాయాలో కూడా తెలుసు. ఇన్నేళ్లలో ఇంత సులువుగా తట్టిన పేరా ఆయనకు ఇంకొకటి లేదు.

“చూస్తా నిలబడతారేంది?” అంది సుబ్బరత్నమ్మ. “పరుపు కట్టండి. నడుం లాగతా ఉంది, ఇంటికి పోదాం.”

మాస్టారు తాడు తీసుకుని పరుపు చుట్టడానికి వంగారు. ముడి సరిగా పడలేదు. ఆమె లేచి వచ్చి, రెండో కొస అందుకుని, ఆయన వేళ్ల మీదుగానే ముడి బిగించింది.